అమెరికా కాలేజీ హాకీ ప్లేఆఫ్‌లు, సీడింగ్: అభిమానులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ హాకీ అంటే ఐస్ హాకీ. సీడింగ్ అంటే ర్యాంకును బట్టి జట్లకు వరుస సంఖ్య ఇవ్వడం. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంఘం) మొదటి డివిజన్ పురుషుల పోటీల గురించే ఎక్కువగా రాశాం, మహిళల టోర్నమెంట్ గురించి చివర్లో కొంత ఉంది. బాస్టన్, మిషిగన్, మిన్నెసోటా, అరిజోనా వర్సిటీల్లో చదువుతూ తొలిసారి స్టూడెంట్ సెక్షన్‌లో నిలబడిన మనవాళ్ళకు మార్చి నెల రాగానే వచ్చే సందేహాలే ఇవన్నీ.

ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఎన్ని జట్లు ఆడతాయి? ఎలా వస్తాయి?

పదహారు జట్లు. 2003 నుంచి ఇదే సంఖ్య, అంతకుముందు పన్నెండు ఉండేవి. మొదటి డివిజన్‌లో అరవైకి పైగా జట్లున్నాయి కాబట్టి నాలుగింట మూడు వంతుల జట్లకు మార్చిలోనే సీజన్ ముగిసిపోతుంది.

పదహారులో ఆరు స్థానాలు ఆరు కాన్ఫరెన్స్‌ల (సీజనంతా తమలో తాము ఎక్కువగా ఆడుకునే జట్ల లీగ్‌ల) టోర్నమెంట్ విజేతలకు నేరుగా దక్కుతాయి. ఆ ఆరు: హాకీ ఈస్ట్, ఈసీఏసీ, బిగ్ టెన్, ఎన్‌సీహెచ్‌సీ, సీసీహెచ్‌ఏ, అట్లాంటిక్ హాకీ అమెరికా. మిగిలిన పది స్థానాలు ర్యాంకింగ్ సూత్రం ప్రకారం పైనుంచి వరుసగా నింపుతారు. ఈ పదింటిలో చోటు కావాలంటే ఆ జట్టు గెలుపు శాతం కనీసం 50 ఉండాలన్నది అదనపు షరతు. ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని అలాస్కా జట్లు, లిండెన్‌వుడ్ వంటి వాళ్ళకు ఈ రెండో దారి ఒక్కటే ఉంది.

రెగ్యులర్ సీజన్‌లో మా జట్టు కాన్ఫరెన్స్ టాపర్. అయినా బెర్తు ఖాయం కాదంటున్నారు, నిజమేనా?

నిజమే. నేరుగా బెర్తు దక్కేది కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచిన జట్టుకు. ఎన్‌సీహెచ్‌సీలో పెన్రోజ్ కప్, సీసీహెచ్‌ఏలో మెక్‌నాటన్ కప్, ఈసీఏసీలో క్లియరీ కప్ రెగ్యులర్ సీజన్ టాపర్లకు ఇచ్చే ట్రోఫీలు. అవి ఎంతో గౌరవమైనవే, కానీ వాటితో జాతీయ టోర్నమెంట్ బెర్తు రాదు. బలమైన కాన్ఫరెన్స్‌లో టాపర్‌గా నిలిచిన జట్టుకు ర్యాంకింగ్ కూడా బాగుంటుంది కాబట్టి సెమీస్‌లో ఓడినా భయం ఉండదు. బలహీనమైన కాన్ఫరెన్స్‌లో టాపర్‌కు ఆ ఊరట ఉండదు. ఐదు నెలల శ్రమ ఒక్క శనివారం రాత్రి ఆటతో పోవచ్చు.

ఓట్ల ర్యాంకింగ్‌లో మేం ఎనిమిదో స్థానంలో ఉన్నాం. మరి టోర్నమెంట్ జాబితాలో ఎందుకు లేం?

సోమవారాల్లో వచ్చే పోల్స్ కోచ్‌లు, విలేకరులు వేసే ఓట్లు. ఎంపికలో వాటికి ఏ పాత్రా లేదు. జట్లను ఎంపిక చేసే ఎన్‌సీఏఏ కమిటీ ఒక్క లెక్కనే చూస్తుంది. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో కమిటీ గదిలో కూర్చుని వాదించుకుని జట్లను ఎంపిక చేస్తుంది. హాకీలో అలా కాదు. అంకెలు ఏం చెబితే అదే జాబితా. అందుకే సెలక్షన్ ఆదివారం (జాబితా ప్రకటించే రోజు) కన్నా ముందే, శనివారం రాత్రి ఆఖరి మ్యాచ్ ముగిసిన నిమిషాల్లోనే, లెక్క తెలిసిన అభిమాని పదహారు జట్ల పేర్లూ రాసి పెట్టగలడు. ఈ ఆటలో ఉన్న గొప్ప అందాల్లో ఇది ఒకటని మా గట్టి నమ్మకం.

ఎన్‌పీఐ ఏంటి? పెయిర్‌వైజ్ ఏమైంది?

ఏళ్ళ తరబడి పెయిర్‌వైజ్ అనే ర్యాంకింగ్ పద్ధతి ఉండేది. ప్రతి జట్టునూ మిగతా ప్రతి జట్టుతో మూడు కొలమానాల మీద పోల్చేవారు: ఆర్‌పీఐ (గెలుపు శాతాన్నీ ప్రత్యర్థుల బలాన్నీ కలిపిన అంకె), ఇద్దరూ ఆడిన ఉమ్మడి ప్రత్యర్థుల మీద ఫలితాలు, ముఖాముఖి ఫలితాలు. ఎక్కువ పోలికలు గెలిచిన జట్టు పైన ఉండేది. 2025-26 సీజన్ నుంచి పురుషుల విభాగంలో దాని స్థానంలోకి ఎన్‌పీఐ (ఎన్‌సీఏఏ పర్సెంటేజ్ ఇండెక్స్) వచ్చింది. మహిళల విభాగంలో అంతకు ఏడాది ముందే వచ్చేసింది. ఇప్పుడు ముఖాముఖి పోలిక లేదు, ఉమ్మడి ప్రత్యర్థులూ లేరు. ప్రతి జట్టుకూ ఒకే అంకె.

ఆ అంకె ఎలా వస్తుందంటే, ఆడిన ప్రతి మ్యాచ్‌కూ ఒక విలువ కడతారు. అందులో పాతిక శాతం ఫలితానిది, డెబ్బై ఐదు శాతం ప్రత్యర్థి ఎన్‌పీఐది. ఉదాహరణకు 55 ఎన్‌పీఐ ఉన్న జట్టును ఓడిస్తే గెలుపుకు 25, ప్రత్యర్థి బలానికి 55లో ముప్పావు వంతు అంటే 41.25, మొత్తం 66.25. అదే జట్టు చేతిలో ఓడితే 41.25 మాత్రమే. సొంత మైదానం, పరాయి మైదానం తేడాను బట్టి ఒక్కో మ్యాచ్‌కు బరువు మారుతుంది, బలమైన జట్లను ఓడించినందుకు బోనస్ కలుస్తుంది, చివరికి సగటు తీస్తారు. ప్రత్యర్థి ఎన్‌పీఐ కూడా ఇదే పద్ధతిలో వస్తుంది కాబట్టి అందరి అంకెలూ స్థిరపడే దాకా కంప్యూటర్ మళ్ళీ మళ్ళీ లెక్క తిప్పుతుంది. అందుకే చేత్తో కచ్చితంగా వేయడం కుదరదు. ఒక్కో మ్యాచ్ మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది మాత్రం పై లెక్కతో ఎవరైనా చూసుకోవచ్చు.

పాత పద్ధతిలో ముఖాముఖి పోలిక ఉండటం అభిమానులకు ఇష్టంగా ఉండేది. 'మేం వాళ్ళను రెండుసార్లు ఓడించాం, వాళ్ళకన్నా కింద ఎలా ఉంటాం' అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరికేది. కొత్త పద్ధతిలో ఆ జవాబు లేదు. బదులుగా, ఎక్కడో ఒక చిన్న పోలిక తారుమారై నాలుగు జట్ల స్థానాలు ఒక్కసారిగా మారిపోయే గందరగోళం కూడా పోయింది.

గెలిచాం కదా, మరి ర్యాంకు ఎందుకు కదల్లేదు?

మీరు ఓడించిన జట్టు చాలా బలహీనమైనదై ఉంటుంది. మీ ఎన్‌పీఐ 56 అనుకోండి, ప్రత్యర్థిది 30. గెలిస్తే ఆ మ్యాచ్ విలువ 25 ప్లస్ 22.5, అంటే 47.5. అది మీ సగటు కన్నా తక్కువ. దాన్ని కలిపితే గెలిచినందుకు శిక్ష వేసినట్టవుతుంది. అందుకే అలా సగటును కిందికి లాగే గెలుపులను, కనీసం ఉండాల్సిన గెలుపుల సంఖ్య దాటాక, లెక్కలోంచి తీసేస్తారు. ర్యాంకు ఉన్నచోటే ఉంటుంది. ఓటమికి మాత్రం ఈ వెసులుబాటు ఉండదు. అదే 30 జట్టు చేతిలో ఓడితే విలువ 22.5, అది సగటులో చేరి తీరుతుంది. బలహీన జట్టుతో ఆడే మ్యాచ్‌లో మీకు రావడానికి ఏమీ లేదు, పోవడానికే ఉంది.

ఎగ్జిబిషన్ మ్యాచ్‌లు, మొదటి డివిజన్‌లో లేని జట్లతో ఆడినవి ఈ లెక్కలోకే రావు.

సొంత రింక్‌లో ఒకటి గెలిచి ఒకటి ఓడాం. అది సమం కాదా?

కాదు. సొంత రింక్‌లో గెలుపుకు 0.8, ఓటమికి 1.2 బరువు. పరాయి రింక్‌లో తిరగబడుతుంది: గెలుపుకు 1.2, ఓటమికి 0.8. శుక్ర, శనివారాల్లో రెండు మ్యాచ్‌ల సిరీస్ ఒక్కొక్కటి పంచుకుంటే గెలుపు శాతం లెక్కలో ఆతిథ్య జట్టుకు 0.400, వచ్చిన జట్టుకు 0.600 పడుతుంది. తటస్థ రింక్‌లో అయితే రెంటికీ 1.0. అక్టోబర్‌లో సొంత ఊళ్ళో పంచుకున్న సిరీస్‌ను చిన్న విషయమని వదిలేసిన అభిమానికి మార్చిలో దాని ఖరీదు తెలుస్తుంది. సూత్రంలో నెలలకు తేడా లేదు, సీజన్ తొలి శుక్రవారానికీ ఆఖరి శనివారానికీ ఒకటే విలువ.

ఓవర్‌టైమ్ గెలుపు పూర్తి గెలుపేనా? షూటౌట్ సంగతి?

రెగ్యులర్ సీజన్‌లో ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు ముగిశాక స్కోరు సమమైతే ఐదు నిమిషాల ఓవర్‌టైమ్, జట్టుకు ముగ్గురు స్కేటర్లు, ఒక గోలీ (గోల్‌కీపర్). మొదట గోల్ కొట్టినవాళ్ళు గెలిచినట్టు. జాతీయ ర్యాంకింగ్‌లో ఈ గెలుపును పూర్తి గెలుపుగా లెక్కించరు, ఓడినవాళ్ళకూ కొంత వాటా దక్కుతుంది.

ఓవర్‌టైమ్‌లోనూ తేలకపోతే ఆటగాళ్ళు ఒక్కొక్కరుగా గోలీని ఎదుర్కొనే షూటౌట్ కాన్ఫరెన్స్ పట్టిక కోసమే. జాతీయ లెక్కలో ఆ మ్యాచ్ డ్రాయే. కాన్ఫరెన్స్ పట్టికల్లో నిర్ణీత సమయంలో గెలుపుకు 3 పాయింట్లు, ఓవర్‌టైమ్‌లో లేదా షూటౌట్‌లో గెలిస్తే 2, ఓడితే 1 ఇవ్వడం వాడుక. ఈ రెండు లెక్కలనూ కలిపి చూడటం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు. ఒక జట్టు షూటౌట్లతో కాన్ఫరెన్స్ పట్టికలో పైకి పాకి, జాతీయ ర్యాంకింగ్‌లో ఉన్నచోటే ఉండిపోవచ్చు.

మరి ప్లేఆఫ్ మ్యాచ్ సమమైతే?

అక్కడ షూటౌట్ లేదు, ముగ్గురితో ఆడటమూ లేదు. పూర్తి జట్లతో ఇరవై నిమిషాల పీరియడ్లు, గోల్ పడేదాకా. 2021లో ఫార్గోలో మిన్నెసోటా డులూత్, నార్త్ డకోటాను 3-2తో ఓడించడానికి ఐదు ఓవర్‌టైమ్‌లు పట్టింది. మొత్తం 142 నిమిషాల 13 సెకన్ల ఆట. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో అంతకన్నా పొడవైన మ్యాచ్ లేదు. కాన్ఫరెన్స్ ప్లేఆఫ్‌లనూ కలుపుకుంటే 2015 హాకీ ఈస్ట్‌లో యూమాస్ (మసాచుసెట్స్ వర్సిటీ) 4-3తో నోటర్ డేమ్‌ను ఓడించిన మ్యాచ్ 151 నిమిషాల 42 సెకన్లు సాగింది. ఇలాంటి రాత్రుల్లో గెలిచిన జట్టు కూడా అలసటతో తర్వాతి మ్యాచ్‌లోకి వెళ్తుంది. మీ జట్టు తర్వాతి ప్రత్యర్థి మూడో ఓవర్‌టైమ్‌లోకి వెళ్తే అది మీకు మంచి వార్తే.

కాన్ఫరెన్స్ టోర్నమెంట్లు అన్నీ ఒకే తీరుగా ఉంటాయా?

ఉండవు. ఈసీఏసీ క్వార్టర్ ఫైనల్స్‌లో మూడు మ్యాచ్‌ల సిరీస్, రెండు గెలిచినవాళ్ళు ముందుకు. తర్వాత సెమీస్, ఫైనల్ న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ ప్లాసిడ్‌లో, 1980 ఒలింపిక్స్‌లో అమెరికా సోవియట్ జట్టును ఓడించిన అదే హెర్బ్ బ్రూక్స్ ఎరీనాలో. హాకీ ఈస్ట్‌లో ప్రతి రౌండూ ఒకే మ్యాచ్, సెమీస్ నుంచి బాస్టన్‌లోని టీడీ గార్డెన్. మిడ్‌వెస్ట్ కాన్ఫరెన్స్‌లు ఎక్కువగా పై సీడ్ జట్టు సొంత రింక్‌లోనే ఆడిస్తాయి. ఏటా మార్పులు జరుగుతుంటాయి కాబట్టి ఫిబ్రవరిలో మీ కాన్ఫరెన్స్ ప్రకటించిన ఫార్మాట్ చూసుకోండి.

మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో పై సీడ్‌కు రక్షణ ఎక్కువ, కానీ ఒక చిక్కుంది. కింది జట్టు చేతిలో సొంత రింక్‌లో రెండు ఓడితే 1.2 బరువున్న ఓటములు రెండు చేరతాయి. ఒకే మ్యాచ్ ఫార్మాట్‌లో ఓడితే ఒక్కటే.

అంచున ఉన్న జట్లకు గీత ఎక్కడ పడుతుందో ఎలా లెక్కపెట్టాలి?

పదహారో ర్యాంకు గీత అనుకోవద్దు. మొదటి పదహారు ర్యాంకుల బయటి నుంచి ఎందరు కాన్ఫరెన్స్ విజేతలు వస్తారో చూడండి. ఒక్కరు వస్తే గీత పదిహేను, ఇద్దరైతే పద్నాలుగు. అట్లాంటిక్ హాకీ విజేత సాధారణంగా బయటి నుంచే వస్తుంది కాబట్టి పదిహేను అని మొదలుపెట్టడం మంచిది. ఆ పైన ఈసీఏసీలోనో సీసీహెచ్‌ఏలోనో ఇరవై అయిదో ర్యాంకు జట్టు ట్రోఫీ ఎత్తిందంటే, ఎక్కడో ఇంట్లో కూర్చుని టీవీ చూస్తున్న పదిహేనో ర్యాంకు జట్టు బెర్తు పోయినట్టే.

తేడా ఎంత సన్నగా ఉంటుందో 2018 చూపించింది. మిన్నెసోటా డులూత్ ఆర్‌పీఐలో దశాంశం తర్వాత నాలుగో అంకె తేడాతో అదే రాష్ట్రంలోని మిన్నెసోటాను దాటి లోపలికి వచ్చింది. ఆ తర్వాత నాలుగు మ్యాచ్‌లూ గెలిచి, ఫైనల్‌లో నోటర్ డేమ్‌ను 2-1తో ఓడించి ఛాంపియన్ అయింది. 2013లో యేల్ కథా ఇలాంటిదే: ర్యాంకింగ్ ద్వారా చివరి బెర్తు దక్కించుకుని, ఫైనల్‌లో క్విన్నిపియాక్‌ను 4-0తో ఓడించింది. లోపలికి రావడమే కష్టం, వచ్చాక అందరికీ కావలసినవి నాలుగు గెలుపులే.

ఆదివారం ప్రకటన కన్నా ముందే బ్రాకెట్ (ఎవరితో ఎవరు ఆడతారో చూపే పట్టిక) మనమే వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, వేసి చూడండి. ఓ కాగితం చాలు.

ముందు ఆరుగురు విజేతల పేర్లు రాయండి. మిగిలిన వాళ్ళలో పైనుంచి పది జట్లు కలపండి. ఈ పదహారింటినీ ఎన్‌పీఐ వరుసలో 1 నుంచి 16 వరకు అమర్చి నాలుగేసి చొప్పున గీతలు కొట్టండి: 1-4 మొదటి సీడ్లు, 5-8 రెండో సీడ్లు, 9-12 మూడో సీడ్లు, 13-16 నాలుగో సీడ్లు. విజేత ర్యాంకు ముప్పై అయినా సరే, ఈ వరుసలో చివరన 16గా కూర్చుంటుంది.

తర్వాత నాలుగు రీజనల్ నగరాల (నాలుగేసి జట్లు తొలి రెండు రౌండ్లు ఆడే చోట్ల) పేర్లు రాసి, వాటికి ఆతిథ్యమిచ్చే వర్సిటీలు పదహారులో ఉన్నాయేమో చూడండి. ఉంటే వాటిని ముందుగా అక్కడే పెట్టాలి. సీడ్ ఏదైనా సరే, ఈ నియమం తప్పదు. ఆపై మొదటి సీడ్లను వరుసలో తీసుకుని ఒక్కోదాన్నీ దగ్గరి రీజనల్‌కు పంపండి. మొత్తం మీద 1వ జట్టుకు తొలి ప్రాధాన్యం.

ఇప్పుడు మిగతావి. 1తో 8, 9, 16. 2తో 7, 10, 15. 3తో 6, 11, 14. 4తో 5, 12, 13. సరిగా వేశారా అన్నదానికి ఒక గుర్తు ఉంది: తొలి రౌండ్‌లో తలపడే ఏ రెండు జట్ల అంకెలు కలిపినా 17 రావాలి.

ఆఖరుగా, తొలి రౌండ్‌లో ఒకే కాన్ఫరెన్స్ జట్లు ఎదురుపడుతున్నాయేమో చూడండి. పడితే అదే సీడ్ గుంపులోని పక్క జట్టుతో మార్చండి. 1, 16 ఇద్దరూ ఒకే కాన్ఫరెన్స్ అయితే 16ను 15తో మారుస్తారు. గుంపు దాటి మార్చకూడదు, పదమూడో జట్టును పన్నెండుతో మార్చడం కుదరదు. ఒక కాన్ఫరెన్స్ నుంచి ఐదు లేదా అంతకన్నా ఎక్కువ జట్లు వస్తే ఈ నియమాన్ని సడలించవచ్చు. 2025లో హాకీ ఈస్ట్ నుంచి ఆరు జట్లు వచ్చాయి కాబట్టి ఇది ఊహకందని పరిస్థితేం కాదు.

మీ కాగితం కమిటీ ప్రకటనకు సరిపోకపోతే చాలావరకు కారణం రెండు మూడు సీడ్ల దగ్గరే ఉంటుంది. ప్రేక్షకుల సంఖ్య కోసం కమిటీ ఒక జట్టును దగ్గరి నగరానికి జరుపుతుంది, దాంతో 17 లెక్క ఒకటి రెండు చోట్ల తప్పుతుంది. ఏ జట్లు లోపల ఉన్నాయన్నదాంట్లో తప్పు వస్తే మాత్రం మీరు విజేతల లెక్కలో పొరపడ్డట్టే.

మాది మొదటి సీడ్. నాలుగో సీడ్ జట్టు సొంత ఊరి పక్కన మేం ఎందుకు ఆడాలి?

ఈ ప్రశ్న అడిగే ప్రతి అభిమాని పక్షానా మేం ఉన్నాం. ఆతిథ్య నియమం వల్ల వచ్చే చిక్కు ఇది. 2024లో మొత్తం మీద మూడో జట్టైన డెన్వర్ మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళాల్సి వచ్చింది. ఎదురుగా నాలుగో సీడ్ యూమాస్, ఆ రీజనల్‌కు ఆతిథ్య జట్టు, క్యాంపస్ అక్కడికి కాస్త దూరంలోనే. డెన్వర్ రెండు ఓవర్‌టైమ్‌లు ఆడి 2-1తో బయటపడింది, తర్వాత టైటిల్ కూడా గెలిచింది. మరుసటి ఏడాది మెయిన్ వర్సిటీకి ఆ అదృష్టం లేదు. మొదటి సీడ్‌గా పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు వెళ్ళి ఆతిథ్య జట్టు పెన్ స్టేట్ చేతిలో 5-1తో ఓడింది. పెన్ స్టేట్ అక్కడి నుంచి చరిత్రలో తొలిసారి ఫ్రోజెన్ ఫోర్‌కు (నలుగురు రీజనల్ విజేతలు ఆడే సెమీస్, ఫైనల్‌కు) వెళ్ళింది.

రీజనల్ నగరాలను ఏళ్ళ ముందే ఖరారు చేస్తారు కాబట్టి ఆ ఏడాది ఎవరు బాగా ఆడతారో ఎవరికీ తెలియదు. ఆతిథ్య వర్సిటీకి బెర్తు హామీ కూడా లేదు. 2025 ఫార్గో రీజనల్‌కు ఆతిథ్యం నార్త్ డకోటాది, కానీ ఆ ఏడాది వాళ్ళు అర్హత సాధించలేదు.

1991 వరకు తొలి రౌండ్లు క్యాంపస్ రింక్‌లలో జరిగేవి. 1992 నుంచి ఒకే మ్యాచ్ రీజనల్స్ వచ్చాయి. తొలి రౌండ్ అయినా పై సీడ్ జట్టు సొంత రింక్‌లో పెట్టాలన్నది మా అభిప్రాయం. ఐదు నెలలు కష్టపడి సంపాదించిన సీడ్‌కు దక్కాల్సిన ఫలం అదే. విద్యార్థులు, బ్యాండ్, నిండిన గ్యాలరీ లేకపోతే అది కాలేజీ హాకీ అనిపించుకోదు.

అయితే మొదటి సీడ్‌కు లాభమే లేదా?

ఉంది. కాగితం మీద బలహీనమైన ప్రత్యర్థి, వీలైతే దగ్గరి నగరం. ఆటలో ఇంకొకటి: పై సీడ్‌ను ఆతిథ్య జట్టుగా పరిగణిస్తారు, కాబట్టి ఆట ఆగినప్పుడు ఆటగాళ్ళను ఆఖరున మార్చే హక్కు వాళ్ళది. ప్రత్యర్థి తమ మేటి లైన్‌ను (దాడి చేసే ముగ్గురిని) దించితే దాని ఎదుట తమ మంచి డిఫెన్స్ జోడీని దించవచ్చు. టీవీలో ఇది కనిపించదు. రింక్‌లో ఉంటే ఫేసాఫ్ (ఆట తిరిగి మొదలయ్యే ఘట్టం) ముందు రెండు బెంచీలనూ గమనించండి, ఎవరు ఎవరికోసం ఆగుతున్నారో తెలుస్తుంది.

సెమీస్ జతలు కూడా సీడింగ్‌తోనే కుదురుతాయి: మొత్తం మీద 1వ జట్టు రీజనల్ విజేతతో 4వ జట్టు రీజనల్ విజేత, 2తో 3. మధ్యలో మళ్ళీ సీడింగ్ చేయరు. నాలుగో సీడ్ రీజనల్ గెలిస్తే పై జట్టు దారినే తాను నడుస్తుంది.

నాలుగో సీడ్లు నిజంగా గెలుస్తాయా?

బాస్కెట్‌బాల్ అభిమానులు నమ్మలేనంత తరచుగా గెలుస్తాయి. 2006లో హోలీ క్రాస్ మిన్నెసోటాను 4-3తో ఓవర్‌టైమ్‌లో ఓడించింది. 2009లో బెమిజీ స్టేట్, 2010లో ఆర్‌ఐటీ నాలుగో సీడ్లుగా వచ్చి ఫ్రోజెన్ ఫోర్ దాకా వెళ్ళాయి. మొత్తం మీద 1వ జట్టునే 2015లో ఆర్‌ఐటీ (మిన్నెసోటా స్టేట్ మీద 2-1), 2018లో ఎయిర్ ఫోర్స్ (సెయింట్ క్లౌడ్ స్టేట్ మీద 4-1), 2019లో అమెరికన్ ఇంటర్నేషనల్ (మళ్ళీ సెయింట్ క్లౌడ్ మీదే, 2-1) ఇంటికి పంపాయి. 2025లో నలుగురు మొదటి సీడ్లలో వెస్టర్న్ మిషిగన్ ఒక్కటే ఫ్రోజెన్ ఫోర్‌కు చేరింది, బాస్టన్ యూనివర్సిటీని 6-2తో ఓడించి తొలి టైటిల్ కూడా అందుకుంది.

కారణాలు స్పష్టం. హాకీలో గోల్స్ తక్కువ, కాబట్టి ఒక్క పక్ (ఆడే బిళ్ళ) ఎవరి స్కేట్‌కో తగిలి దారి తప్పినా ఫలితం మారిపోతుంది. మంచి ఊపులో ఉన్న గోలీ ఒక్కడు చాలు, 2-1 స్కోరుతో మేటి జట్టును ఆపేస్తాడు. దానికి తోడు వయసు తేడా ఉంది. చిన్న కాలేజీల్లో ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళ ఆటగాళ్ళు ఎక్కువ. పెద్ద జట్లలో ఎన్‌హెచ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) జట్లు డ్రాఫ్ట్‌లో ఎంచుకున్న పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ఉంటారు. ప్రతిభలో వాళ్ళే మిన్న. గోడల దగ్గర పక్ కోసం జరిగే పెనుగులాటలో మాత్రం కండబలం, అనుభవం గెలుస్తాయి.

రీజనల్‌కు టికెట్ ఎప్పుడు, ఎలా కొనాలి?

రీజనల్స్ మార్చి చివరి వారాంతంలో. రెండు నగరాల్లో గురువారం, రెండింట్లో శుక్రవారం మొదలవుతాయి, మధ్యలో ఒకరోజు విరామం. తొలిరోజు రెండు మ్యాచ్‌లు, మూడో రోజు రీజనల్ ఫైనల్. అంటే ఆదివారం జాబితా వచ్చాక మీకు దొరికేది నాలుగైదు రోజులే.

నాలుగు నగరాలూ ముందే తెలుసు కాబట్టి మీ జట్టు వెళ్ళే అవకాశమున్న రెండు చోట్ల, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొచ్చే హోటల్ గదులు మార్చి మొదట్లోనే పట్టుకోండి. ప్రకటన రాగానే మీ వర్సిటీ టికెట్ ఆఫీసు తన వాటా టికెట్లు అమ్ముతుంది, మీ బ్యాండ్, మీవాళ్ళ పక్కన కూర్చోవాలంటే అవే కొనాలి. ఒక టికెట్ ఒకరోజుకా, మొత్తం మూడు మ్యాచ్‌లకా అన్నది కొనేముందు చదవండి. ఫైనల్ ఒక్కటే కావాలనుకుంటే తొలిరోజు ముగిసేదాకా ఆగడం లాభం. ఓడిన రెండు జట్ల అభిమానులు తమ టికెట్లు తిరిగి అమ్మకానికి పెడతారు, ధర దిగుతుంది. ఆతిథ్య జట్టు ఫైనల్ చేరితే మాత్రం ఈ ఎత్తు పారదు. బ్యాగు నిబంధనలు ఎరీనా వెబ్‌సైట్‌లో చూసుకోండి. లోపల చలిగా ఉంటుంది, గాజుకు దగ్గరి వరసల్లో అయితే మరీను.

ఇండియా నుంచి చూసేవాళ్ళకు సమయం ఎలా?

మార్చి రెండో ఆదివారం తర్వాత అమెరికా తూర్పు తీర సమయానికి తొమ్మిదిన్నర గంటలు కలపండి. అక్కడ సాయంత్రం 5 అంటే మనకు తెల్లవారుజామున 2:30, రాత్రి 8 అంటే ఉదయం 5:30. శనివారం రాత్రి ఫైనల్ మనకు ఆదివారం ఉదయం. అంటే ఏప్రిల్‌లో జరిగే ఫ్రోజెన్ ఫోర్ ఫైనల్ అక్కడ రాత్రి 8 ప్రాంతంలో మొదలైతే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో నిద్ర పాడుచేసుకోకుండా కాఫీతో చూడవచ్చు.

మహిళల టోర్నమెంట్ ఇలాగే ఉంటుందా?

అక్కడ 2022 నుంచి పదకొండు జట్లు. ఐదు జట్లకు తొలి రౌండ్ నుంచి మినహాయింపు, ఆరు జట్లు మూడు మ్యాచ్‌లు ఆడి క్వార్టర్స్‌లోకి వస్తాయి. క్వార్టర్ ఫైనల్ దాకా మ్యాచ్‌లు పై సీడ్ల క్యాంపస్ రింక్‌లలోనే. పురుషుల విభాగంలో మేం కోరేది సరిగ్గా ఇదే. 2025 ఫైనల్ చూడనివాళ్ళు వెతికి చూడండి: ఓహయో స్టేట్ మీద ఓటమి అంచున ఉన్న విస్కాన్సిన్, చివరి 18.9 సెకన్లు మిగిలి ఉండగా కర్‌స్టెన్ సిమ్స్ కొట్టిన పెనాల్టీ షాట్‌తో స్కోరు సమం చేసి, ఓవర్‌టైమ్‌లో ఆమె గోల్‌తోనే 4-3తో గెలిచింది.

మార్చి మొదటి వారం. మాది పద్నాలుగో ర్యాంకు. ఎవరు గెలవాలని కోరుకోవాలి?

మొదటిది, మీ కాన్ఫరెన్స్ కాని ప్రతి టోర్నమెంట్‌లోనూ అత్యధిక ర్యాంకున్న జట్టు గెలవాలి. ఎటూ లోపలికొచ్చే జట్టు ట్రోఫీ కూడా గెలిస్తే గీత మీ ర్యాంకు దాటి పైకి జరగదు. శత్రు కాలేజీ అయినా సరే, ఆ రెండు వారాలు వాళ్ళు మీ మిత్రులే.

రెండోది, సీజన్ మొదట్లో మీరు ఓడించిన జట్లు గెలుస్తూ ఉండాలి. మ్యాచ్ విలువలో ముప్పావు వంతు ప్రత్యర్థి అంకె కాబట్టి అక్టోబర్‌లో మీరు ఓడించిన జట్టు మార్చిలో గెలిచిన ప్రతిసారీ మీ పాత గెలుపు విలువ కొద్దిగా పెరుగుతుంది. మిమ్మల్ని ఓడించిన జట్లు గెలిచినా మీకు మేలే, మీ ఓటమి నష్టం తగ్గుతుంది.

మూడోది, పన్నెండు నుంచి పదహారు మధ్య ఉన్నవాళ్ళు త్వరగా ఓడాలి. వాళ్ళు మీరు బాగా ఆడిన ప్రత్యర్థులే అయితే ఈ రెండూ ఢీకొంటాయి. అప్పుడు పోటీలో ఉన్న జట్టు ఓడటమే ఎక్కువ లాభం, ఎందుకంటే ఒక్క ప్రత్యర్థి అంకెలో మార్పు మీ ముప్పైకి పైగా మ్యాచ్‌ల సగటులో పంచుకుపోతుంది, వాళ్ళ ఓటమి మాత్రం వాళ్ళ అంకెను నేరుగా దించుతుంది.

మీ జట్టు ఇప్పటికే ప్లేఆఫ్‌లో ఓడి ఇంట్లో కూర్చుంటే, ఆ శనివారం ఫైనల్స్ అన్నీ తెరిచి పెట్టుకుని ఈ మూడు సూత్రాల ప్రకారం ప్రతి మ్యాచ్ పక్కనా ఒక పేరు రాసుకోండి. ఆఖరి మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్తే ఆ కాగితం మీద చివరి పేరు పక్కన ఏం రాశారో మళ్ళీ చూడనక్కర్లేదు, కంఠతా వచ్చేసి ఉంటుంది.